మార్జిన్లో చుక్క

మా నాన్న ముఖం చూడగానే ఏదో ఉందని తెలిసింది. లాయరు జగన్నాథరావుగారు నా కోసం కుర్చీ చెప్పారన్న సంగతి ఆయన నోరు తెరిచాక అర్థమైంది. ఏప్రిల్ మొదటి వారం. నందిగామ నుంచి బస్సు దిగి వచ్చిన మనిషి మంచినీళ్లు కూడా అడక్కుండా గుమ్మంలోనే నవ్వుతూ నిలబడ్డాడు.

“సైరమ్మా, సార్ నీకు కుర్చీ ఆర్డరిచ్చారు. గుండ్రంగా తిరిగే కుర్చీ. హరిచరణ్ బాబుకి కూడా అట్టాంటిది లేదు.”

నాకు ఒళ్లు మండింది. కుర్చీ ఏం పాపం చేసింది, దాని మీద కాదు నా కోపం. “ఎవరడిగారు నాన్నా కుర్చీ?” అని విసురుగా అని లోపలికి వెళ్లిపోయాను. వెనక నాన్న అమ్మతో “పరీక్షల టెన్షను” అనడం వినిపించింది. మా నాన్న నా కోపాలన్నిటికీ ఏదో ఒక మంచి పేరు పెడతాడు.

మా నాన్న బుడే సాహెబ్ నందిగామ కోర్టులో జగన్నాథరావుగారి దగ్గర గుమాస్తా. ఇరవై ఏడేళ్లుగా అదే ఆఫీసు. ఏ కేసు ఏ రోజుకి వాయిదా పడిందో డైరీలో రాసుకోవడం, కేసు కాగితాల కట్టలు కోర్టుకి మోయడం, సాక్షుల్ని వెతికి పట్టుకురావడం, లాయరుగారు మర్చిపోయినవన్నీ గుర్తుపెట్టుకోవడం ఆయన పని. ఆ ఆఫీసులో లాయర్లు కూర్చుంటారు, గుమాస్తా నిలబడతాడు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. గోడకి ఆనుకుని నిలబడీ నిలబడీ సున్నం మీద నాన్న వీపంత మేర నునుపు తేలింది.

నిరుడు హరిచరణ్ అని కొత్త జూనియర్ చేరాడు. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. లా చదువు అవగానే నేనూ అలాగే అక్కడ జూనియర్‌గా చేరాలని సారూ నాన్నా అనుకుంటున్నారు. ఓ రోజు నాన్న టిఫిన్ క్యారేజీ మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను. హరిచరణ్ చేతులూపుకుంటూ ముందు నడుస్తున్నాడు, గడ్డం దాకా కట్టలు పేర్చుకుని నాన్న వెనక నడుస్తున్నాడు. “బుడే, పెన్ను” అన్నాడు అతను తిరిగి చూడకుండా. “ఇదిగో సార్” అని కట్టలు ఓ చేత్తో కాచుకుంటూ రెండో చేత్తో జేబులోంచి తీసిచ్చాడు నాన్న. హరిచరణ్ చెడ్డవాడేం కాదు, అక్కడ అందరూ అలాగే అడుగుతారు. కానీ క్యారేజీ పట్టుకుని చెట్టు కింద నిలబడిన నాకు నా వచ్చే ఏడాది కళ్ల ముందు నడిచి వెళ్తున్నట్టనిపించింది. ముందు నేను ఉత్త చేతుల్తో, వెనక నాన్న కట్టల్తో. నేను తిరిగే కుర్చీలో, నాన్న గోడ దగ్గర. “మేడమ్” అని కూడా అంటాడు, సందేహం లేదు. నవ్వుతూ అంటాడు.

అందుకే ఆగస్టులో ఫలితాలు వచ్చేలోపు నా చేతిలో ఇంకో ఉద్యోగం ఉండాలి. ఏ ఊళ్లో అయినా సరే, ఆ ఆఫీసులో మాత్రం కాదు. ఈ కారణం నాన్నకి చెప్పలేదు. చెప్తే నవ్వుతాడు, లేకపోతే బాధపడతాడు. రెండూ నేను తట్టుకోలేను.

మా ఇల్లు జగ్గయ్యపేటలో. కాలేజీ విజయవాడలో. మూడేళ్ల లా కోర్సులో ఆఖరి సెమిస్టరు. పోనూ రానూ రోజుకి నాలుగున్నర గంటలు బస్సులోనే. ఆ నాలుగున్నర గంటలూ నా బుర్ర ఒక్క నిమిషం కుదురుగా ఉండదు. ఫోన్లో ఉద్యోగాల యాప్‌లు ఆరున్నాయి, వాట్సాప్ గ్రూపులు తొమ్మిది. ఇంట్లో బీరువా తలుపు లోపలివైపు పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి అంటించి, దాని మీద ప్లాను రాసుకున్నాను. మొదటిది జడ్జి పరీక్ష. నిరుడు మే నెలలో, మూడేళ్లు ప్రాక్టీసు చేసినవాళ్లే ఆ పరీక్ష రాయాలని తీర్పొచ్చింది. మూడేళ్ల ప్రాక్టీసంటే మూడేళ్లు ఆ తిరిగే కుర్చీ. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. రెండోది బ్యాంకుల్లో లా ఆఫీసర్లు, అందులోనూ అనుభవం అడిగారు. మూడోది కంపెనీలు. మూడో దాని కింద ఒకటి, రెండు, మూడు అని రాసుకుంటూ పోతే కాగితం అయిపోయి బీరువా తలుపు మీదికి వచ్చేశాను.

మా అమ్మ అమీర్‌బీ మిషను మీద జాకెట్లు కుట్టుకుంటూ ఇదంతా చూసేది.

“ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు పరీక్షలు పాసవ్వవే.”

“మనింట్లో సోమలింగం ఏంటమ్మా?”

“సామెతకి కులమతాలేంటే? కాలు కాలిన పిల్లిలాగా ఆ తిరగటం ఏంటి, ఒక్కచోట కూర్చుని తిను.”

కూర్చుని తినడం నా వల్ల కాలేదు. కాలేజీలో నా పక్కన కూర్చునే కృష్ణప్రియ కూడా అదే మాట అనేది. తనది వీరులపాడు, నిమ్మళంగా ఉండే పిల్ల. “నీ పక్కన కూర్చుంటే బెంచీ ఊగుతోందే సైరా, కాలు ఆపు” అని నా మోకాలి మీద చెయ్యి వేసేది. ఆపేదాన్ని. రెండు నిమిషాలకి ఇంకో కాలు ఊగేది.

విత్తనాల కంపెనీ ఒకటి ఇంటర్వ్యూకి పిలిచింది ఆ ఏప్రిల్లోనే. ఆఫీసు విజయవాడ బందరు రోడ్డులో. ఉద్యోగం లీగల్ ఎగ్జిక్యూటివ్. రైతులకీ డీలర్లకీ కంపెనీకీ మధ్య నడిచే కేసుల సంగతి చూసుకోవాలి. ఫలితాలు రాకముందే తీసుకుంటారట, కోర్టు పని చూసిన విద్యార్థులైతే చాలట. రుజువుగా కోర్టు డైరీ తెమ్మన్నారు. ఆ మెయిల్ చదివి బస్సులో నా సీట్లోంచి లేచి నిలబడ్డాను. కండక్టరు “స్టేజీ ఇంకా రాలేదమ్మా” అన్నాడు.

కోర్టు డైరీ అంటే, ఆఖరి ఏడాది విద్యార్థులు లాయరు వెంట కోర్టుకెళ్లి, అక్కడ చూసిన విచారణలు తేదీలతో సహా రాసి, కింద ఆ లాయరు సంతకం పెట్టించుకోవాల్సిన పుస్తకం. కాలేజీలో వైవాకి కూడా అదే చూపించాలి. పద్నాలుగు రోజులుండాలి. నేను వెళ్లింది మూడు రోజులు. మిగతా రోజుల్లో ఏం చేశానంటే ఉద్యోగం వెతికాను. ఆన్‌లైన్ కోర్సులు చేశాను, మాక్ టెస్టులు రాశాను, ఫిబ్రవరి మొదటి వారమంతా హైదరాబాద్‌లో జాబ్ మేళాల చుట్టూ తిరిగాను. ఉద్యోగం వెతుకులాటలో పడి ఉద్యోగానికి కావాల్సిన పని చెయ్యకపోవడం నాలాంటి తెలివిగలవాళ్లకే సాధ్యం.

అయితే నాకో సౌకర్యం ఉంది. మిగతా పిల్లలు పై బ్యాచ్ వాళ్ల డైరీలు చూసి కాపీ కొడతారు. నాకు మా నాన్న వాయిదాల డైరీ ఉంది. ఆదివారం ఆయన సంతకి వెళ్లినప్పుడు సంచిలోంచి తీసుకుని ముందేసుకున్నాను. తేదీ, కేసు నంబరు, వాది, ప్రతివాది, ఆ రోజు జరగాల్సిన పని, రెండువైపులా లాయర్ల పేర్లు. ముత్యాల్లాంటి అక్షరాలు. పదకొండు తేదీలు ఏరుకుని, వాటికి కాస్త మసాలా దట్టించి రాశాను. ఫిబ్రవరి నాలుగో తేదీన చందర్లపాడు గట్టు తగాదా కేసులో సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్ అని ఉంది. మన సాక్షి ఏసురత్నం, అవతలి లాయరు తిరుపతిరావుగారు. నేను ఇలా రాశాను: ‘ప్రతివాది తరఫు న్యాయవాది తిరుపతిరావుగారు సాక్షిని గంటన్నరసేపు ప్రశ్నించారు. సాక్షి పలుమార్లు తడబడ్డాడు. న్యాయవాది నైపుణ్యం నన్ను ఎంతో ఆకట్టుకుంది.’ రాసి, చదువుకుని, బాగుందనుకున్నాను.

సోమవారం నాన్నకిచ్చి సార్ చేత సంతకం పెట్టించుకు రమ్మన్నాను. నాన్న పేజీలు తిప్పి చూశాడు. బుధవారం సంతకంతో తెచ్చి చేతికిస్తూ అన్నాడు.

“ఒకసారి చూసుకో తల్లీ.”

“చూసా నాన్నా.”

“ఇచ్చేముందు నిదానంగా ఇంకోసారి చూసుకో.”

“అబ్బా, టైం లేదు నాన్నా. సంతకం పెట్టారుగా సార్, చాలు.”

ఆయన ఇంకేదో అనబోయి ఆగి, చొక్కా విప్పుకుంటూ లోపలికి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున ఇంటర్వ్యూకి వెళ్తూ బస్సులో డైరీ తెరిచాను. మార్జిన్లో అక్కడక్కడా పెన్సిలుతో చుక్కలున్నాయి. చిన్నవి, ఆవగింజంత. సంతకం పెట్టేటప్పుడు సార్ పేజీలు లెక్కపెట్టుకున్నారేమో అనుకున్నాను. నీట్‌గా కనపడాలని రబ్బరు తీసి ఒక్కొక్కటీ తుడిచేశాను. నాలుగో ఐదో ఉన్నాయి. కంచికచర్ల దాటేసరికి డైరీ అద్దంలా ఉంది.

ఇంటర్వ్యూ చేసింది ఒక్కరే. వరప్రసాదరావుగారని కంపెనీ లా మేనేజరు. యాభై దాటిన మనిషి, మెత్తగా మాట్లాడతారు. చట్టం మీద నాలుగు ప్రశ్నలడిగారు, టకటకా చెప్పాను. ఆయన తల ఊపుతుంటే టేబుల్ కింద నా కాలు ఊగడం ఆగిపోయింది. అప్పటికే మనసులో విజయవాడలో హాస్టలు వెతుక్కుంటున్నాను.

తర్వాత డైరీ తెరిచారు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు.

“నందిగామలో తిరుపతిరావుగారి క్రాస్ చూశారా మీరు?”

“చూసానండి.”

“ఎట్టా చేశారు?”

“చాలా బాగా చేశారండి. సాక్షికి ఊపిరాడనివ్వలేదు.”

“గంటన్నరా నిలబడే చేశారా?”

“నిలబడేనండి.”

ఆయన డైరీ మూయలేదు. ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టి కిటికీలోంచి బయటికి చూశారు.

“ఫిబ్రవరి నాలుగు తెల్లవారుజామున తిరుపతిరావుగారు పోయారమ్మా. నేను ఆయన దగ్గర ఆరేళ్లు జూనియర్‌ని. ఆ రోజు సంతాపంగా నందిగామ కోర్టులో లాయర్లెవరూ పని చెయ్యలేదు. మీరు గంటన్నర అని రాసిన టైముకి నేను పాడె మోస్తున్నా.”

అప్పుడు గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో జాబ్ మేళా క్యూలో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. “తిరుపతిరావుగారు పోయారమ్మా, చాలా మంచాయన” అన్నాడు. ఆయన గొంతు బరువుగా ఉంది. నేను “అయ్యో” అన్నాను. అని, “నాన్నా, లైను కదుల్తోంది, మళ్లీ చేస్తా” అన్నాను. మళ్లీ చెయ్యలేదు.

బుకాయించడానికి నోరు తెరిచాను. తేదీ పొరపాటు పడిందండీ అనొచ్చు. నా నోరు అలాంటివాటికి బాగానే తిరుగుతుంది. కానీ పేజీ మీద ఆయన చెయ్యి చూశాక ఆ అబద్ధం ఆడలేకపోయాను.

“తప్పేనండి. ఆ రోజు నేను కోర్టుకి వెళ్లలేదు. పద్నాలుగులో మూడు రోజులే వెళ్లా.”

“అందరూ రాస్తారమ్మా ఇట్టా. చదువుకునేటప్పుడు నేనూ రాశా. కానీ ఈ ఉద్యోగం ఏంటి? కోర్టుకెళ్లి ఏం జరిగిందో నువ్వు రాసి పంపాలి, అది నమ్మి నేను సంతకం పెట్టాలి. చనిపోయినాయన చేత నువ్వు గంటన్నర మాట్లాడించావు. నేనెట్టా నమ్మను?”

ఆయన కింద సంతకం చూసి నొసలు చిట్లించారు.

“జగన్నాథరావుగారు చూడకుండా పెట్టేశారనుకుందాం. ఆ ఆఫీసులో బుడే అని గుమాస్తా ఉండాలే? అతని చేతి మీదుగా ఇట్టాంటి కాగితం బయటికొచ్చిందంటే నమ్మబుద్ధి కావట్లా. మా సారే అనేవారు, అవతలి పార్టీ గుమాస్తా అయినా బుడే రాసిన తేదీకి తిరుగులేదని.”

టేబుల్ మీద నా రెజ్యూమె ఉంది. అందులో తండ్రి వృత్తి అన్నచోట ‘ప్రైవేటు ఉద్యోగి’ అని రాశాను. గుమాస్తా అని రాస్తే బాగుండదనుకున్నాను. మా నాన్న గోడ దగ్గర నిలబడుతున్నాడని ఇన్నాళ్లూ నాకు కడుపు మండిపోయింది కదా. మరి ఈ కాగితం మీద ఆయన్ని అసలు గదిలోకే రానివ్వనిది ఎవరు?

“ఆయన మా నాన్నండి” అన్నాను.

వరప్రసాదరావుగారు కళ్లజోడు తీశారు. చాలాసేపు నా ముఖంలోకి చూశారు, పోలికలు వెతుకుతున్నట్టు.

“అయితే చెప్పే ఉంటాడు. నువ్వు వినుండవు” అని డైరీ మూసి నా వైపు జరిపారు. ఉద్యోగం సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

బస్సులో నందిగామ దాకా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నా మీద రావాల్సిన కోపాన్ని నాన్న మీదికి మళ్లించుకుంటూ కూర్చున్నాను. చెప్పాడట, ఎప్పుడు చెప్పాడు? పేజీలన్నీ తిప్పి చూసిన మనిషి, తేదీలు నోటికొచ్చిన మనిషి, ఒక్క ముక్క నోరు తెరిచి చెప్పలేకపోయాడా? కూతురు ఉద్యోగానికి వెళ్తోందంటే ఇష్టం లేక ఊరుకున్నాడా? ఆ ఆలోచన రాగానే జగ్గయ్యపేట దాకా ఆగలేకపోయాను. నందిగామలో దిగిపోయి, ఎండలో చరచరా ఆఫీసుకి నడిచాను.

నాలుగున్నర. కోర్టు అయిపోయి జగన్నాథరావుగారు మజ్జిగ తాగుతున్నారు. హరిచరణ్ ఏదో ఫైలు చదువుకుంటున్నాడు. నాన్న గోడ దగ్గర నిలబడి రేపటి కట్టలు సర్దుతున్నాడు. ఓ మూల కొత్త కుర్చీ, ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు.

“ఏమైందమ్మా?” అన్నాడు నాన్న నన్ను చూసి.

“ఫిబ్రవరి నాలుగున తిరుపతిరావుగారు పోయారని నీకు తెలుసు. డైరీలో నేను రాసింది చూసావు. ఎందుకు చెప్పలేదు నాన్నా?”

సార్ ఉన్నారని కూడా చూసుకోలేదు. నాన్న చేతిలో కట్ట అలాగే ఆగింది.

“చెప్పా కదమ్మా.”

“ఎప్పుడు చెప్పావు? చూసుకో అన్నావు. అదీ చెప్పటమేనా?”

“చుక్క పెట్టా” అన్నాడు నాన్న. “ఆ లైను పక్కనే పెట్టా.”

నాకు అర్థం కాలేదు. జగన్నాథరావుగారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, టేబుల్ మీదున్న కట్ట విప్పి, ఓ కాగితం నా ముందుకు తోశారు. ఆయన స్వయంగా రాసిన దావా. మార్జిన్లో రెండుచోట్ల పెన్సిలు చుక్కలు, ఆవగింజంత.

“మీ నాన్న నా తప్పులు నోటితో చెప్పడమ్మాయ్. ఇరవై ఏడేళ్లలో ఒక్కసారి చెప్పలా. చుక్క పెట్టి టేబుల్ మీద పెడతాడు. నేను చూసుకుని దిద్దుకుని చుక్క తుడిచేస్తా. పార్టీల ముందు నా పరువు పోలేదంటే ఈ చుక్కల వల్లే.”

హరిచరణ్ తల ఎత్తకుండానే అన్నాడు. “నాకైతే పేజీకి ఆరుంటాయి.”

“సార్ అడిగారు కూడా” అన్నాడు నాన్న నెమ్మదిగా. “అమ్మాయి డైరీలో చుక్కలున్నయ్యి బుడే, దిద్దాక సంతకం పెడతా అన్నారు. పర్లేదు సార్, మా అమ్మాయి చూసుకుంటుంది, మీరు పెట్టండి అన్నా.”

“నేను తుడిచేసా నాన్నా” అన్నాను. “చెత్తనుకుని తుడిచేసా.”

నాన్న కట్టని కింద పెట్టి, దాని తాడు ముడి ఊరికే విప్పి మళ్లీ వేశాడు.

“ఉద్యోగం పోయిందా?” అన్నాడు.

“పోయింది.”

“నోటితో చెప్పాల్సిందేనమ్మా. నోటిదాకా వచ్చింది. లాయరు రాసింది గుమాస్తా తప్పనకూడదని అలవాటైపోయింది. నువ్వు రాసింది చదువుతుంటే లాయరు రాసినట్టే ఉంది మరి.”

అప్పుడొచ్చింది ఏడుపు. అందరి ముందూ, ఆపుకోలేనంత. జగన్నాథరావుగారు కంగారుపడి కొత్త కుర్చీ కవరు తానే లాగేసి “కూర్చోమ్మా, ముందు కూర్చో. కాలేజీ వైవాకి ఇంకా టైముంది కదా, రోజూ వచ్చి నిజంగానే చూసి కొత్త డైరీ రాద్దువుగాని. ఆగస్టు నుంచి ఇది నీ కుర్చీయే” అన్నారు.

“నేను కూర్చోనండి” అన్నాను. “డైరీకి రోజూ వస్తా. ఆగస్టులో మాత్రం ఇక్కడ చేరను. మా నాన్న గోడ దగ్గర నిలబడుంటే నేనీ కుర్చీలో కూర్చోలేను. అందుకే ఆర్నెల్ల నుంచి పిచ్చిదాన్లా ఉద్యోగాలు వెతుకుతున్నా.”

నాన్న ఒక అడుగు ముందుకేశాడు. “సైరా, ఏంటా మాటలు” అన్నాడు.

“బుడేని కూర్చోవద్దని నేనెప్పుడన్నా అన్నానా?” అన్నారు జగన్నాథరావుగారు. ఆయనకి నిజంగానే ఆశ్చర్యంగా ఉంది.

“కూర్చోమనీ ఎప్పుడూ అనలేదండి.”

ఆయన గోడ వైపు చూశారు. నాన్న వీపు మేర నునుపు తేలిన ఆ సున్నం ఆయన రోజూ చూసేదే.

“కూర్చో బుడే” అన్నారు చివరికి.

“పర్లేదు సార్” అన్నాడు నాన్న. “కట్టలు సర్దాలి.”

కూర్చోలేదు. ఇరవై ఏడేళ్ల కాళ్లు ఒక్క మాటకి వంగుతాయా? బస్సులో ఇంటికొస్తూ మేమిద్దరం ఆ సంగతి ఎత్తలేదు. చిల్లకల్లు దాటాక నాన్న నా సంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు, చిన్నప్పుడు స్కూలు సంచి పెట్టుకున్నట్టు.

శనివారం కొత్త డైరీ కొన్నాను. బీరువా తలుపు మీద ప్లాను తియ్యలేదు, దరఖాస్తులు పెడుతూనే ఉన్నాను. రెజ్యూమెలో ఒక్క లైను మార్చాను. తండ్రి వృత్తి: న్యాయవాది గుమాస్తా, నందిగామ కోర్టు.

సోమవారం పొద్దున పది నుంచి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. కాలు ఊగుతూనే ఉంది. చందర్లపాడు గట్టు కేసు ఆ రోజే వచ్చింది. తిరుపతిరావుగారి స్థానంలో ఎవరో కొత్త లాయరు. ఏసురత్నం అనే మనిషిని మొదటిసారి చూశాను. బోనులో తువ్వాలు నలుపుతూ నిలబడ్డాడు కానీ ఒక్క ప్రశ్నకీ తడబడలేదు. క్రాస్ అంతా కలిపి పదకొండు నిమిషాలు. చూసింది చూసినట్టు రాశాను. ఆకట్టుకోవడాలూ నైపుణ్యాలూ లేవు, పేజీలో సగం కూడా నిండలేదు.

మధ్యాహ్నం కోర్టు లేచాక వరండా బెంచీ మీద కూర్చుని, కట్టలతో వస్తున్న నాన్నకి డైరీ చాపాను. ఆయన కట్టలు బెంచీ మీద దించి, నిలబడే చదివాడు. చెవి మీద నుంచి పెన్సిలు తీశాడు. ముల్లు మార్జిన్ దాకా వచ్చింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

“చుక్క వద్దు నాన్నా. నోటితో చెప్పు.”

ఆయన చుట్టూ చూశాడు. వరండా నిండా జనం. మెట్ల మీద హరిచరణ్, అవతల ఎవరో పార్టీతో మాట్లాడుతూ జగన్నాథరావుగారు. నేను కట్టలెత్తి నా ఒళ్లో పెట్టుకుని పక్కకి జరిగాను. కట్టలు ఇంత బరువుంటాయని నాకప్పటిదాకా తెలియదు.

నాన్న కాసేపు ఆ ఖాళీ చోటు వైపు చూశాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, బెంచీ చివర కూర్చున్నాడు.

“మూడో లైను తప్పు” అన్నాడు, అందరికీ వినపడేట్టు.